పద్నాలుగో గింజ

సోమవారం. పొద్దున్న ఎనిమిదీ పది.

మోతులాహి దీవి ఆసుపత్రిలో డాక్టర్ రొవీనా మందుల ఫ్రిజ్ తెరిచింది. గూళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. మూడోసారి వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

పద్నాలుగో గూడు ఖాళీ.

రిజిస్టర్ తీసింది. ఒకటి నుంచి పదమూడు దాకా పేరు, టైము, సంతకం అన్నీ ఉన్నాయి. పద్నాలుగో వరసలో పేరొక్కటే ఉంది. ఫోలౌ. టైము లేదు. సంతకం లేదు.

గింజ వాడినట్టు లేదు. గూట్లోనూ లేదు.

ఎనిమిదీ ఇరవైకి సార్జెంట్ పెనిసిమానీ వచ్చాడు. పోలీస్ స్టేషన్ ఆసుపత్రికి ఎదురుగానే. అయినా పది నిమిషాలు పట్టింది. పెని నూట ముప్పై ఆరు కిలోల మనిషి. దీవిలో అదేం చెప్పుకోదగ్గ బరువు కాదు. మోతులాహిలో సన్నగా ఉన్నవి రెండే రెండని పెద్దలు అంటుంటారు. ఒకటి జెండా కర్ర, రెండోది దాని నీడ.

ఆ రోజు పొద్దుటినుంచీ పెనికి మనసు ఒకచోట నిలవడం లేదు. గాలి బొత్తిగా ఆడటం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. దీవి మర్యాద ప్రకారం బట్టల మీద నడుముకి చుట్టుకునే చాప కూడా గుచ్చుకుంటోంది.

"ఒక్క గింజే కదా డాక్టరమ్మా. ఎలుక తినేసిందేమో."

"తింటే ఆ ఎలుక ఏడాది పాటు ఇంకేమీ తినదు," అంది రొవీనా. నవ్వలేదు. ఆక్లాండ్ నుంచి వచ్చి రెండు నెలలైంది. ఇంకా నవ్వడం అలవాటు కాలేదు.

ఆవిడ అన్నది నిజమే. చూడ్డానికి బియ్యపు గింజంతే. కడుపు మడతలో చర్మం కిందకి ఎక్కిస్తారు. ఏడాది పాటు ఆకలికి కళ్ళెం వేసి పట్టుకుంటుంది. మొన్నమొన్నటి దాకా వారానికో సూది ఉండేది. ఇప్పుడు ఏడాదికో గింజ. కొత్త మందు, ఇంకా పరీక్షలోనే ఉంది. దీవికి ఇరవై నంబర్లు, పైన అదనంగా ఒకటి వచ్చాయి.

"రూల్ ప్రకారం ఒక్కటి లెక్క తేలకపోయినా మిగతావన్నీ వెనక్కి పంపాలి. విమానం నాలుగింటికి."

"ఫోలౌ సంగతి?"

రొవీనా కిటికీలోంచి చూసింది. బయట చెట్టుకింద పంది ఒకటి మట్టిలో దొర్లుతోంది.

"నూట ఎనభై ఎనిమిది కిలోలు. గుండె సగమే పనిచేస్తోంది. కూర్చునే నిద్రపోతాడు. నవంబర్‌లో ఆక్లాండ్‌లో ఆపరేషన్. కత్తి లేదు, నోట్లోంచి గొట్టం దింపి పొట్టసంచిని లోపల్లోపలే కుట్టి అరటికాయంత చేస్తారు. కానీ ముందు ముప్పై కిలోలు తగ్గాలి. తగ్గకుండా మత్తు ఇస్తే లేవడు. ఆపరేషన్ చెయ్యకపోతే వచ్చే ఏడాది ఉండడు."

"ముగ్గురు ఆడపిల్లలు," అన్నాడు పెని.

"అందుకే చెప్తున్నాను, నాకు ఆ గింజ కావాలి. లేదా అది ఏమైందో తెలియాలి."

ఫ్రిజ్‌కి చిన్న తెర ఉంది. తలుపు ఎప్పుడు తెరిచినా టైము రాసుకుంటుంది. పెని కళ్ళు చికిలించి చదివాడు. శుక్రవారం తొమ్మిదీ ముప్పై ఐదు. పదీ ఐదు. అంతే. తర్వాత ఈ పొద్దున్న ఎనిమిదీ పది.

"శుక్రవారం మీరు?"

"పక్క దీవిలో ఉన్నాను. పదింటికల్లా పడవలో వస్తానని, ఆలస్యమైతే నర్సునే పెట్టమని చెప్పాను. సముద్రం పొంగింది. సాయంత్రం వచ్చాను."

"ఆసుపత్రిలో ఎవరున్నారు?"

"నర్సు లెసియేలి. గేటు దగ్గర మనాసే. రోగులు పదమూడు, పద్నాలుగు."

*

ఎనిమిదీ యాభై. లెసియేలి దుప్పట్లు మడతపెడుతోంది. యాభై ఏళ్ళ మనిషి. చర్చిలో స్త్రీల గుంపుకి పెద్ద. ఆవిడ ఎదురొస్తే తాగినవాడు కూడా సరళరేఖలో నడుస్తాడని దీవిలో పేరు.

"తొమ్మిదీ ముప్పై ఐదుకి ఫ్రిజ్ తీసింది ఎవరమ్మా?"

"నేనే. పదమూడో గింజ. తొమ్మిదీ నలభైకి పెట్టాను. సంతకం చేశాను."

"పదీ ఐదుకి?"

"నేనే."

"పద్నాలుగోది తీశావా?"

"తీశాను."

"తర్వాత?"

దుప్పటి అంచులు కలిపింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ కలిపింది.

"ఎక్కడ పెట్టావు?"

లెసియేలి ఇంకో దుప్పటి అందుకుంది.

"ఎవరికైనా ఇచ్చావా? అమ్మావా?"

"సార్జెంటూ, నువ్వు బళ్ళో నా వెనక బల్ల మీద కూర్చునేవాడివి. నేను ఏనాడైనా నీ పలక దొంగిలించానా?"

"లేదు. నేనే నీది దొంగిలించాను."

"మరి అడక్కు."

"అడక్కపోతే దొంగ అని రాయాల్సొస్తుంది."

"రాసుకో," అంది లెసియేలి. దుప్పటి తీసుకుని వెళ్ళిపోయింది.

పెని నిలబడిపోయాడు. అబద్ధం చెప్పే మనిషి ఏదో ఒకటి చెప్తుంది. ఈవిడ ఏమీ చెప్పలేదు. నోరు మూసుకునేవాళ్ళతోనే పోలీసు ఉద్యోగం కష్టం.

*

తొమ్మిదీ నలభై. ఫోలౌ ఒడ్డున పడవల షెడ్డులో ఉన్నాడు. రెండు పెట్టెలు కలిపి వేసుకుని కూర్చుని పడవ పలకని చిత్రిక పడుతున్నాడు. నాలుగు లాగులు లాగి ఆగుతున్నాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ నాలుగు. మెడ చుట్టూ తువ్వాలు. ఆ ఎండలో ఎవరి మెడకి చూసినా తువ్వాలే.

"ఏం ఫోలౌ, నీ గింజ పోయిందటగా?"

"అంటున్నారు."

"శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"లెసియేలి నీకు గింజ పెట్టిందా?"

చిత్రిక ఆగింది. "ఆవిడ పెట్టలేదు."

"పెడతానని పిలిచి పెట్టకుండా పంపేసిందా?"

"ఆవిడ్ని ఏమీ అనకు పెనీ. కావాలంటే నేనే తీశానని రాసుకో. అమ్ముకున్నాను అని రాసుకో."

"ఎవరికి అమ్మావు?"

"నీకే."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఫోలౌకి దగ్గొచ్చింది. దగ్గితే మొహం నీలమైంది. పెని నీళ్ళ సీసా అందించి, తువ్వాలుతో అతని మొహం తుడవబోయాడు. ఫోలౌ చటుక్కున తువ్వాలు పట్టుకున్నాడు. దాని అంచు మీద ఊదా రంగు మచ్చ కనిపించింది. పిల్లల బడి సిరా అనుకున్నాడు పెని.

"సాయంత్రం దాకా ఎక్కడికీ వెళ్ళకు."

"ఎక్కడికి వెళ్తాను? లేచి నిలబడేసరికి సాయంత్రం అవుతుంది."

దారిపొడుగునా పెని తనలో తాను గొణుక్కుంటూ నడిచాడు. ఇద్దరు మనుషులు. ఇద్దరూ దొంగ అని రాసుకో అంటారు. దొంగతనం అంటే ఎవరైనా నేను కాదంటారు గానీ ఇలా పోటీపడరు. చెవిలో జోరీగ దూరినట్టుంది. ఎక్కడుందో తెలియదు, రొద ఆగదు.

*

పదకొండు గంటలు. ఆసుపత్రి వరండాలో రొవీనా అందరికీ వినపడేలా చెప్పింది.

"ఫోలౌని పిలిపించండి. దొంగ దొరికేదాకా అతను ఆగలేడు. నా దగ్గర అదనపు గింజ ఒకటుంది. రెండింటికి నేనే పెడతాను."

పదకొండున్నరకి ఫ్రిజ్ తీసింది. అదనపు గింజ గూడు ఖాళీ.

తెర మీద టైము: పదకొండూ పన్నెండు.

ఈసారి డాక్టర్ మళ్ళీ లెక్కపెట్టలేదు. కుర్చీలో కూలబడింది.

"ఆ నర్సే. ఆమెకి ఫోలౌ అంటే పడదు. రెండు నెలలుగా చూస్తున్నాను. ఒక్కసారి కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆమె గదిలోకి వస్తే అతను లేచి వెళ్ళిపోతాడు. అతను చావాలనే ఆమె రెండుసార్లు తీసింది."

"ఊరుకోండి డాక్టరమ్మా," అన్నాడు పెని. గదిలో ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేశాడు. బల్ల మీద గ్లాసులు గలగలలాడాయి. "మందు కావాల్సిన దొంగ శుక్రవారమే రెండూ తీసేవాడు. ఇవాళ పదకొండింటికి మీరు చెప్పారు. పన్నెండు నిమిషాల్లో పోయింది. ఈ దొంగకి మందు అక్కర్లేదు."

"మరేం కావాలి?"

"అదే తెలియడం లేదు."

రొవీనా లేచింది. ఇరవయ్యో నంబరు మనిషి ఆక్లాండ్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. అతని గింజ అలాగే ఉంది. దాన్ని చిన్న మంచు డబ్బాలో పెట్టి తన కోటు జేబులో వేసుకుంది.

"ఇది నా ఒంటి మీదే ఉంటుంది. రెండింటికి ఫోలౌకి పెడతాను. ఇక ఏ దొంగా ఆపలేడు."

"ఒక మాట. మనిషికి పొరపాటున రెండు గింజలు పడితే?"

"పేగులు ఆగిపోతాయి. వారంలో చనిపోతాడు. ఒకసారి లోపలికి వెళ్తే ఒక్క పూటలో కరిగి కండలో కలిసిపోతుంది, వెనక్కి తీయలేం. రక్తం ఆక్లాండ్ పంపి చూడాలంటే మూడు రోజులు. ఎందుకు?"

"ఏం లేదు. ఊరికే అడిగాను."

*

పన్నెండూ ఇరవై. పెని గేటు దగ్గరికి వచ్చాడు. భోజనానికి ఇంటికి వెళ్ళాలి. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించిన మాంసం ఉందని పొద్దున్నే భార్య చెప్పింది. కాళ్ళు కదల్లేదు.

మనాసే బల్ల మీద కూర్చుని పందిపిల్లని ఒళ్ళో అదిమి పట్టుకున్నాడు. డెబ్భై ఏళ్ళు. గేటుకి రాకముందు ముప్పై ఏళ్ళు పశువుల శాఖలో సూదులు వేశాడు. దీవిలో పందులు ఇప్పటికీ అతన్ని చూస్తే పారిపోతాయి.

"ఏం చేస్తున్నావు తాతా?"

"కుక్క చెవి కొరికింది. మందు కొడుతున్నాను."

సీసా నొక్కాడు. చెవి వెనక ఊదా రంగు పడింది. వేళ్ళకీ అంటింది.

పెని ఆ వేళ్ళకేసి చూశాడు. మనాసే చెయ్యి పందిపిల్ల పొట్ట కిందకి తోశాడు.

"సూది కూడా అక్కడే వేస్తావా? చెవి వెనక?"

"పందికి ఇంకెక్కడేస్తారు? పొట్టలో వేస్తే కొవ్వులో ఇరుక్కుంటుంది. నీకు పందుల సంగతి తెలియదు. తినడమే తెలుసు."

పెని జవాబివ్వకుండా వెనక్కి నడిచాడు. ఆసుపత్రి వరండాలో ఆగాడు.

డాక్టర్ గదిలో ఫోలౌ పడుకుని ఉన్నాడు. గుండె మిషను తీగలు ఒళ్ళంతా అతికించి ఉన్నాయి, లేచే వీలు లేదు. తలుపు దగ్గరికి లెసియేలి వచ్చింది. లోపలికి చూసింది. వెనక్కి తిరిగింది. అయిదు నిమిషాలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెనక్కి. మూడోసారి పెదవులు కదిలాయి. వెళ్ళిపోయింది.

ఒంటిగంట. పెని డాక్టర్ని బయటికి పిలిచాడు.

"ఇందాక మీరన్నారే, ఆవిడ వస్తే ఫోలౌ లేచి వెళ్ళిపోతాడని."

"అవును. పగ."

"పగేంటి డాక్టరమ్మా. ఆవిడ వాళ్ళ అక్క."

రొవీనా కళ్ళు పెద్దవయ్యాయి. "సొంత అక్కా?"

"ఒక్క తల్లి పిల్లలు. మా దీవిలో అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో ఉండరు. ఒంటి మాట ఒకరి ముందు ఒకరు ఎత్తరు. ఎత్తితే నాలిక తెగిపోవాలి. కుక్కకి కూడా తెలుసు."

"నాకు ఎవరూ చెప్పలేదు."

"అందరికీ తెలిసిన సంగతి ఎవరు చెప్తారు?" అన్నాడు పెని నవ్వుతూ.

నవ్వు సగంలో ఆగిపోయింది. తను కూడా పొద్దుటినుంచీ ఆ సంగతి తెలిసే తిరుగుతున్నాడు. తెలుసు కాబట్టే చూడలేదు.

"డాక్టరమ్మా, ఆ గింజ కడుపు మడతలోనే కదా పెట్టేది?"

"అవును."

"చొక్కా ఎత్తి?"

"ఎత్తకుండా ఎలా?"

పెని ఇంటికి భోజనానికి వెళ్ళలేదు. జీవితంలో రెండోసారి అని చెప్పుకుంటారు. మొదటిసారి పెళ్ళిరోజున, కంగారులో.

*

రెండింటికి అయిదు నిమిషాలు. డాక్టర్ గదిలో ఫోలౌ మంచం మీద ఉన్నాడు. తీగలు తీసేశారు. పొట్ట మీద చొక్కా పైకి మడిచి ఉంది. మడతల్లో ఎక్కడా గీత లేదు, మచ్చ లేదు. రొవీనా సూది సిద్ధం చేసింది. మనాసేని పెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టాడు. లెసియేలిని మాత్రం చెక్కగోడ అవతల వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఒక్క నిమిషం డాక్టరమ్మా. ముందు ఈ తాతని ఒక సంగతి అడగాలి. పందుల సంగతి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే." పెని గొంతు సవరించుకున్నాడు. గోడ అవతలికీ వినపడాలి, ఎవరి పరువూ పోకూడదు. "తాతా, శుక్రవారం ఎన్ని పందులకి సూది వేశావు?"

మనాసే ఫోలౌ వైపు చూశాడు. ఫోలౌ పైకప్పు చూస్తున్నాడు.

"ఒకదానికి."

"ఎన్ని గంటలకి?"

"పదీ ఇరవై అయిదు. ముప్పై కాలేదు."

"ఎందుకంత తొందర?"

"ఆ మందు బయటికి తీశాక అరగంటే ఆగుతుందట. తర్వాత పాడు. వేయాల్సినవాళ్ళు పడవలో చిక్కుకున్నారు."

"మందు నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. పళ్ళెం బల్ల మీద ఉంది. ఒకావిడ దాని పక్కన నిలబడి అటు తిరిగి ఏడుస్తోంది. ఆ పంది చొక్కా ఎత్తి చూడటం ఆవిడకి కుదరదు. చూడకుండా పెట్టడం రాదు. పెట్టకపోతే అది బతకదు. నేను పళ్ళెం తీసుకున్నాను."

"కడుపు మడతలో పెట్టావా?"

"నాకేం పిచ్చా? ముప్పై ఏళ్ళ అలవాటు. చెవి వెనక. పైన ఊదా మందు కొట్టాను."

"మంచి పందేనా?"

"దీవిలో దాన్ని మించింది లేదు. కిమ్మనలేదు."

"బరువు?"

మనాసే తల వంచుకున్నాడు.

"నూట ఎనభై ఎనిమిది కిలోలు."

రొవీనా చేతిలో సూది అలాగే ఉంది. ఒక్క క్షణం ఏమీ అర్థంకానట్టు చూసింది. తర్వాత సూదిని చాలా మెల్లగా పళ్ళెంలో పెట్టింది. ఫోలౌ తల పక్కకి తిప్పి తువ్వాలు తీసింది.

చెవి వెనక ఊదా మచ్చ. మధ్యలో సన్నటి గాటు. శుభ్రంగా మానుతోంది.

"నేను పెట్టినా ఇంతకంటే బాగుండదు," అంది.

"అదనపు గింజ తీసిందీ అందుకే," అన్నాడు పెని. "మీరు రెండోది పెడతానన్నారు. మొదటిది పడిందని తెలిసిన మనిషి నోరు విప్పలేకపోయింది, చేతులు కట్టుకుని చూస్తూ ఉండలేకపోయింది. మందు లేకుండా చేస్తే చాలనుకుంది. మీ జేబులో మూడోది ఉంటుందని తెలియదు. సంతకం ఎందుకు చేయలేదంటే, తను పెట్టనిది పెట్టానని రాసే మనిషి కాదు."

చెక్కగోడ సందులోంచి ఒక చెయ్యి ఫ్లాస్క్‌ని లోపలికి నెట్టింది. అందులో వేడినీళ్ళు. అడుగున తెల్లటి గింజ, ఇక ఎవరికీ పెట్టడానికి వీల్లేకుండా ఉబ్బి మెత్తబడి ఉంది.

రొవీనా మంచం అంచున కూర్చుంది.

"ఫోలౌ. రెండు పడితే ఏమవుతుందో నీకు తెలుసా?"

"మొదటి రోజే మీరు చెప్పారు కదా."

"తెలిసి పడుకున్నావా?"

ఫోలౌ చొక్కా కిందకి లాక్కున్నాడు. "గేటు తాతతో సూది వేయించిందని తెలిస్తే ఆవిడ నర్సు టోపీ తీసేస్తారు. తాతని జైల్లో పెడతారు. నా సంగతి నవంబర్ దాకా ఎవరికి తెలుసు, ఉంటానో లేదో. ఆవిడ అలా కాదు. ముప్పై ఏళ్ళుగా ఈ దీవిలో పుట్టినవాళ్ళంతా ఆవిడ చేతుల్లోనే పుట్టారు."

పెని కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు. పొద్దుటినుంచీ మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు.

రొవీనా రిజిస్టర్ తెరిచింది. పద్నాలుగో వరసలో రాసింది. శుక్రవారం, పదీ ఇరవై అయిదు. పెట్టినవారు: మనాసే, పశువుల శాఖ, రిటైర్డ్. పెట్టిన చోటు: ఎడమ చెవి వెనక. అదనపు గింజ దగ్గర కూడా జరిగింది జరిగినట్టే రాసింది. కింద తన సంతకం. ఆ తర్వాత వేరే కాగితం తీసుకుంది.

"ఉన్నదున్నట్టు రాస్తాను. ఉద్యోగం సంగతి ఆక్లాండ్ వాళ్ళు తేలుస్తారు. కానీ తప్పు ఎవరిదో కూడా రాస్తాను. తమ్ముడి ఒంటికి అక్క చేత మందు పెట్టించమన్నది నేను. మా ఫారంలో తొంభై ఆరు ప్రశ్నలున్నాయి. నర్సు నీకేమవుతుంది అన్నది లేదు."

"గింజలు?" అన్నాడు పెని.

"లెక్క తేలింది. విమానం ఎక్కవు. ఇతను ఈ గదిలోనే ఉంటాడు. మెడలో మందు ఎలా నడుస్తుందో రోజూ చూడాలి."

చెక్కగోడ అవతల కుర్చీ కిర్రుమంది. లెసియేలి గొంతు వినపడింది. తమ్ముడితో కాదు, డాక్టర్‌తో.

"డాక్టరుగారూ. ఆ మంచం మీద మనిషికి మంచినీళ్ళు ఇప్పించండి. మందు పడ్డవాళ్ళకి దాహం తెలియదు. శుక్రవారం నుంచీ సరిగ్గా తాగి ఉండరు."

రొవీనా ఫోలౌ వైపు చూసింది.

ఫోలౌ గోడ వైపు చూడలేదు. నేల చూస్తూ అన్నాడు. "తాగుతానని చెప్పండి."

"తాగుతాడట," అంది రొవీనా గోడతో.

"రెండు గ్లాసులు."

"రెండు గ్లాసులట," అంది రొవీనా ఫోలౌతో.

మనాసే నీళ్ళు తెచ్చాడు. ఫోలౌ లేచి కూర్చుని, గోడకి వీపు పెట్టి, రెండు గ్లాసులూ చివరి చుక్కదాకా గటగటా చప్పుడయ్యేలా తాగాడు.